'ఏ' అక్షరంతో అరుదైన ఇంగ్లీషు మాటలు: సగం అర్థాలు మన ఇంట్లోనే ఉన్నాయి

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం మొదలైంది. అప్పటి నుంచి చాలా ఇళ్ళల్లో సాయంత్రం ఒకటే సీను. పిల్లాడు సైన్సు పుస్తకం పట్టుకొచ్చి ఒక మాట మీద వేలు పెట్టి అడుగుతాడు. అమ్మీ "నాకు ఇంగ్లీషు ఏడ వస్తది బేటా, మీ సార్‌ని అడుగు" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అబ్బా ఫోన్‌లో వెతికి, అర్థం కాని ఇంకో ఇంగ్లీషు మాట చెబుతాడు. పిల్లాడు బట్టీ పట్టేసి పడుకుంటాడు.

అయితే ఆ పుస్తకంలోని కష్టమైన మాటల్లో కొన్నింటికి మూలం అరబీ, ఫార్సీ. అమ్మీ చిన్నప్పుడు మదర్సాలో ఖాయిదా చదివి ఉంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంటే, ఆ మాటల్లో సగం ఆమెకు ముందే తెలుసు. తెలుసన్న సంగతి మాత్రమే తెలియదు. అందుకే ఈసారి ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి అక్షరం 'ఏ'తో మొదలయ్యే అరుదైన మాటలు కొన్ని తీసుకుని, అర్థం, పుట్టుక, మన వాడుకలో దాని చుట్టం ఎవరో చూద్దాం. స్పెల్లింగ్ తికమక పెట్టే చోట అక్షరాలు కూడా ఇచ్చాం.

మాటలకు అర్థం చెప్పే పనికి మెదక్ జిల్లా కుల్చారం కంటే మంచి ఊరు దొరకదు. ఈ ఊరినే కొల్చారం అని కూడా రాస్తారు. కాళిదాసు రఘువంశం, కుమారసంభవం, మేఘదూతం కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథ సూరి ఇక్కడివాడే. సుమారు 14, 15 శతాబ్దాల మనిషి. దేశం మొత్తం మీద సంస్కృతం చదివే విద్యార్థి ఈనాటికీ ఆయన చేయి పట్టుకునే ఆ కావ్యాల్లోకి దిగుతాడు. మూలంలో ఆధారం లేని సంగతి రాయకూడదు, పాఠకుడికి అక్కర లేనిది చెప్పకూడదు అన్నది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఈ జాబితాలోనూ అదే పాటిద్దాం.

ముందు ఊరి మాటలు రెండు

ఆనికట్ (ఏ-ఎన్-ఐ-సి-యు-టి): నదికి అడ్డంగా కట్టి, నీళ్ళను కాలువల్లోకి మళ్ళించే కట్ట. ఇది ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్న మాట. తమిళంలో అణైక్కట్టు, మనకు ఆనకట్ట. 1847–52 మధ్య గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ లాంటి ఇంజినీర్లు దక్షిణాది నుంచే ఈ మాటను తమ కాగితాల్లోకి ఎక్కించుకున్నారు. కుల్చారం రైతులకు ఇది బాగా దగ్గరి మాట. మంజీరా మీద నిజాం కాలంలో, 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట కిందే ఈ ప్రాంతం పొలాలు తడుస్తాయి. దాని కాలువల పేర్లు మహబూబ్ నహర్, ఫతే నహర్. 'నహర్' అనే మాటను గుర్తు పెట్టుకోండి, కింద నక్షత్రాల దగ్గర మళ్ళీ వస్తుంది.

ఆయకట్ (ఏ-వై-ఏ-సి-యు-టి): ఒక చెరువు లేదా కాలువ కింద సాగయ్యే భూమి మొత్తం. మన ఆయకట్టే. నీటిపారుదల శాఖ ఇంగ్లీషు రిపోర్టుల్లో ఇదే మాట ఉంటుంది. పోటీ పరీక్షలో ఈ మాట కనిపిస్తే పట్నం పిల్లాడు బిత్తరపోతాడు, కుల్చారం పిల్లాడు నవ్వుకోవాలి.

'అల్' అనే తాళంచెవి

అరబీలో పేరుకు ముందు 'అల్' అని వస్తుంది. ఇంగ్లీషులో 'ది' చేసే పనే ఇది చేస్తుంది. అరబీ మాటలు స్పెయిన్, ఇటలీ మీదుగా యూరప్ భాషల్లోకి పోయినప్పుడు ఈ 'అల్' చాలాసార్లు మాటకు అతుక్కుపోయింది. అందుకే ఇంగ్లీషులో 'ఏ-ఎల్'తో మొదలయ్యే సైన్సు మాటల్లో అరబీవి అన్ని ఉన్నాయి.

అయితే కొన్నింటిలో 'ల్' కనిపించదు. దానికి కారణం ఖాయిదా చదివిన ప్రతి పిల్లకీ తెలుసు. అరబీలో 28 అక్షరాలుంటే అందులో 14 షమ్సీ, 14 ఖమరీ. షమ్సీ అక్షరం ముందు 'అల్'లోని 'ల్' పలకదు, తర్వాతి అక్షరంలో కలిసిపోతుంది. రాసేటప్పుడు 'అల్-సలాము', పలికేటప్పుడు 'అస్సలాము'. 'అల్-ఖమర్' మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఒక్క నియమం పట్టుకుంటే కింది మాటలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

లెక్కల పుస్తకంలో

ఆల్జీబ్రా: అంకెల బదులు అక్షరాలు పెట్టి చేసే గణితం, బీజగణితం. బాగ్దాద్‌లో పనిచేసిన అల్-ఖ్వారిజ్మీ సుమారు 820లో రాసిన పుస్తకం పేరులో 'అల్-జబ్ర్ వల్-ముఖాబలా' అని ఉంది. జబ్ర్ అంటే విరిగినదాన్ని, తగ్గినదాన్ని సరిచేయడం. ఎముక సరిచేసే పనికి కూడా ఇదే మాట వాడేవారు. అందుకే పాత స్పానిష్ భాషలో విరిగిన ఎముకలు కట్టేవాడిని కూడా 'ఆల్జెబ్రిస్టా' అన్నారు. లెక్కలో చూడండి. ఎక్స్ నుంచి 3 తీసేస్తే 7 అని ఉంది. తగ్గిన 3ని రెండు వైపులా కలిపి సరిచేస్తే ఎక్స్ 10. ఈ సరిచేయడమే జబ్ర్. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టి పోల్చడం, రెండు వైపులా ఉన్న ఒకే రకం వాటిని కొట్టేయడం.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనం తెలుగులో రాసే 'జబర్దస్త్' ఈ జబ్ర్‌కు చుట్టం కాదు. అది ఫార్సీ మాట. ఉర్దూలో 'జే' అక్షరంతో రాస్తారు, పైచేయి అని దాని అసలు భావం. జబ్ర్ 'జీమ్'తో రాస్తారు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పొరబాటు పడతాం.

అల్గోరిథమ్: ఒక పనిని వరుస మెట్లుగా విడగొట్టి చెప్పే పద్ధతి. కంప్యూటర్ చదివే పిల్లలకు రోజూ తగిలే మాట. ఇది వస్తువు పేరు కాదు, మనిషి పేరు. పైన చెప్పిన అల్-ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లో 'అల్గోరిజ్మస్' అయ్యింది. ఖ్వారిజ్మ్ మధ్య ఆసియాలో ఒక ప్రాంతం, నేటి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ వైపు. అంటే ఊరి పేరు మనిషికి ఇంటిపేరైంది, ఆ ఇంటిపేరు పద్ధతికి పేరైంది.

దిక్కులు, నక్షత్రాలు

అజిముత్ (ఏ-జడ్-ఐ-ఎం-యు-టి-హెచ్): ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచే దిక్కు కోణం. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270 డిగ్రీలు. అరబీ మాట 'అస్-సుమూత్', అంటే దిక్కులు. ఏకవచనం 'సమ్త్'. ఉర్దూలో మనం అనే 'సిమ్త్' ఇదే. 'స' షమ్సీ అక్షరం కాబట్టి 'ల్' పోయింది. ఈ మాట అర్థం కావడానికి మన ఇంట్లోనే సరైన ఉదాహరణ ఉంది, ఖిబ్లా. మెదక్ ప్రాంతం నుంచి ఖిబ్లా అజిముత్ సుమారు 282 డిగ్రీలు, అంటే నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 12 డిగ్రీలు. ఫోన్‌లోని ఖిబ్లా యాప్ చూపే అంకె ఇదే. పిల్లాడికి అజిముత్ చెప్పాలంటే జానమాజ్ పరిచి చూపిస్తే చాలు.

అలిడేడ్ (ఏ-ఎల్-ఐ-డి-ఏ-డి-ఇ): కోణం కొలిచే పరికరం మీద తిరిగే పట్టీ. దాని అంచు వెంట చూసి గురి పెడతారు. అరబీలో 'అల్-ఇదాదా'. పాతకాలంలో నక్షత్రాల ఎత్తు కొలిచే అస్తర్లాబ్ మీద ఉండేది. తర్వాత భూమి సర్వే చేసే బల్ల మీదికి వచ్చింది. సివిల్ డిప్లొమా పిల్లలకు సర్వేయింగ్ సబ్జెక్టులో ఈ మాట తప్పకుండా తగులుతుంది.

ఆల్మనాక్: తిథులు, సూర్యోదయాలు, గ్రహాల లెక్కలు ఉన్న వార్షిక పుస్తకం. తెలుగులో పంచాంగం, ఉర్దూలో జంత్రీ. స్పెయిన్‌లోని అరబీ నుంచి లాటిన్‌కు వచ్చిన మాట. దాని అసలు అరబీ ధాతువు ఏమిటన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

ఆల్డెబరాన్: వృషభ రాశిలో ఎర్రగా మెరిసే నక్షత్రం, మన రోహిణి. 'అద్-దబరాన్' అంటే వెనకే వచ్చేది. ఆకాశంలో కృత్తికల వెనకే నడుస్తుంది కాబట్టి ఆ పేరు.

ఆల్టెయిర్: మన శ్రవణ నక్షత్రం. 'అన్-నస్ర్ అత్-తాయిర్', ఎగిరే గద్ద అనే పేరులోని రెండో ముక్క మిగిలింది. ఉర్దూలో పక్షిని 'తాయిర్' అంటారు కదా, అదే.

అకెర్నార్ (ఏ-సి-హెచ్-ఇ-ఆర్-ఎన్-ఏ-ఆర్): 'ఆఖిర్ అన్-నహ్ర్', నది చివర. ఎరిడానస్ అనే నది ఆకారపు నక్షత్ర మండలం కొసన ఉంటుంది. ఆఖిర్ మన 'ఆఖరు', నహ్ర్ మన మహబూబ్ నహర్‌లోని నహర్. డిసెంబరు మొదట్లో రాత్రి తొమ్మిది గంటల వేళ మెదక్ వైపు పొలం గట్టున నిలబడి నేరుగా దక్షిణానికి చూడండి. నేలకు కాస్త పైన ఒంటరిగా మెరిసేది ఇదే. కాలువ గట్టున నిలబడి ఆకాశంలోని కాలువ చివర చూడొచ్చు.

సైన్సు ల్యాబులో

ఆల్కెమీ: ఇనుము, సీసం లాంటి లోహాలను బంగారం చేయాలని పాతకాలంలో చేసిన ప్రయోగాల విద్య. అరబీలో 'అల్-కీమియా', దాని వెనక గ్రీకు మాట. ఉర్దూలో ఇప్పటికీ కీమియా అంటే రసాయన విద్య. 'అల్' ఊడిపోతే మిగిలిందే కెమిస్ట్రీ. బంగారం రాలేదు గానీ ఆ ప్రయాసలో ఆమ్లాలు, బట్టీ పెట్టే పద్ధతులు దొరికాయి.

ఆల్కలీ: క్షారం, ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చేది. 'అల్-ఖలీ' అంటే ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిద. దానితో సబ్బు చేసేవారు. మన నానీలు బూడిదతో గిన్నెలు తోమితే జిడ్డు ఎందుకు పోయేదో ఈ మాటే చెబుతుంది. పొటాషియంకు 'కే' అనే గుర్తు 'కాలియం' నుంచి వచ్చింది, ఆ కాలియం ఈ ఖలీ నుంచే. రైతు 'చౌడు నేల' అనేదాన్ని పుస్తకం 'ఆల్కలైన్ సాయిల్' అంటుంది.

ఆల్కహాల్: దీని కథ వింటే నమ్మబుద్ధి కాదు. 'అల్-కుహ్ల్' అంటే సుర్మా. కళ్ళకు పెట్టుకునే మెత్తని పొడి. ముందు ఏ మెత్తని పొడికైనా ఈ పేరు వాడారు, తర్వాత దేని సారాన్నైనా ఇదే పేరుతో పిలిచారు. 16వ శతాబ్దంలో యూరప్ వైద్యుడు పారాసెల్సస్ ద్రాక్ష సారాయి సారానికి ఈ మాట వాడాడు. చివరికి అదొక్కటే మిగిలింది. సుర్మాదానీ లోంచి బయల్దేరిన మాట ఎక్కడికి చేరిందో చూడండి. మాట పుట్టుక ఒకటి, ఇవాళ్టి అర్థం ఒకటి. పరీక్షలో రెండోదే రాయాలి.

అలెంబిక్ (ఏ-ఎల్-ఇ-ఎం-బి-ఐ-సి): ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి, సారం దింపే పాత్ర. 'అల్-అంబీఖ్'. దాని వెనక గ్రీకు మాట 'అంబిక్స్' ఉంది. యునానీ హకీములు అర్ఖ్ దింపే పరికరాన్ని 'ఖర అంబీఖ్' అంటారు. జిల్లాలో పాత యునానీ దవాఖానా ఉంటే పిల్లలను తీసుకెళ్ళి అర్ఖ్ ఎలా తయారవుతుందో అడగండి, డిస్టిలేషన్ పాఠం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇంట్లో, వంటింట్లో

అటార్: పువ్వుల సుగంధ తైలం. మన అత్తరు. అరబీ 'ఇత్ర్' ఫార్సీ మీదుగా వచ్చింది.

ఆంబర్: చెట్టు జిగురు లక్షల, కోట్ల ఏళ్ళకు గట్టిపడి అయ్యే పసుపు రాయి. మూలం 'అంబర్'. అరబీలో మొదట తిమింగలం నుంచి దొరికే సుగంధ పదార్థం పేరు. రెండూ సముద్రపు ఒడ్డున దొరకడం వల్ల యూరప్‌లో పేరు కలిసిపోయింది.

ఆల్కోవ్: గదిలో గోడ లోపలికి తీసిన చిన్న చోటు. 'అల్-ఖుబ్బా', అంటే గుమ్మటం, గుమ్మటం కింది గది. గోడలో దీపం పెట్టే చిన్న తాఖ్ కాదు, మనిషి పడుకునేంత చోటు.

ఆప్రికాట్: మన ఖుబానీ. హైదరాబాద్ దావత్‌లో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్ళందరికీ పండు తెలుసు. 'అల్-బర్ఖూఖ్' నుంచి వచ్చింది. ఆ అరబీ మాట మళ్ళీ లాటిన్ నుంచి పోయినదే, తొందరగా పండేది అని దాని అర్థం. లాటిన్ నుంచి అరబీకి పోయి, అరబీ నుంచి తిరిగి యూరప్‌కు వచ్చిన మాట ఇది.

ఆబర్జీన్ (ఏ-యు-బి-ఇ-ఆర్-జి-ఐ-ఎన్-ఇ): వంకాయ. బ్రిటన్‌లో ఈ మాటే వాడతారు. అరబీ 'అల్-బాదింజాన్', ఫార్సీ 'బాదింగాన్', దాని వెనక భారత భాషల మాట ఉందని పదచరిత్రకారులు చెబుతారు. మన బైంగన్ కూడా ఆ కుటుంబమే. అంటే బగారా బైంగన్ ఇక్కడి నుంచే బయల్దేరి, లండన్ హోటల్ మెనూలో వేషం మార్చుకుని కూర్చుంది.

ఆల్ఫాల్ఫా: పశువులకు వేసే లూసర్న్ గడ్డి. 'అల్-ఫస్ఫసా'.

ఫౌజు, దఫ్తర్, కచేరీ

అడ్మిరల్: నౌకాదళంలో అతి పెద్ద హోదా. 'అమీర్ అల్-' అని మొదలయ్యే బిరుదుల నుంచి వచ్చింది. తర్వాత ఉండాల్సిన మాట రాలిపోయి 'అల్' మాత్రం వేలాడుతూ మిగిలింది. ఉర్దూలో మనం పూర్తిగా 'అమీర్-ఉల్-బహ్ర్' అంటాం.

ఆర్సెనల్: ఆయుధాలు తయారు చేసి నిలవ ఉంచే చోటు. 'దార్ అస్-సినాఅ', పనివాళ్ళ ఇల్లు, కార్ఖానా. ఇటలీలో 'ద' రాలిపోయింది. ఉర్దూ 'సనఅత్' (పరిశ్రమ) దీని చుట్టమే. ఫుట్‌బాల్ చూసే పిల్లలకు ఆర్సెనల్ క్లబ్బు తెలుసు. 1886లో లండన్ వూలిచ్‌లోని ఆయుధ కార్ఖానా కార్మికులు పెట్టుకున్న జట్టు అది.

ఆబ్కారీ: సారా, కల్లు మీద పన్నుల వ్యవహారం. ఫార్సీలో ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. ఇంగ్లీషువాళ్ళు చట్టాల పేర్లలోనే ఈ మాట పెట్టుకున్నారు. మన దగ్గర ఆబ్కారీ శాఖ అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు.

అమీన్: ఇంగ్లీషు నిఘంటువుల్లో కోర్టు, రెవెన్యూ పనుల చిన్న అధికారి. నిజాం కాలంలో తెలంగాణలో పోలీసు అధికారిని అమీన్ సాబ్ అనేవారు. నమ్మదగినవాడు అని అర్థం. అమానత్, అమన్ ఇదే ధాతువు.

అన్నా: రూపాయిలో పదహారో వంతు నాణెం, మన అణా. 1957లో దశాంశ నాణేలు వచ్చాక పోయింది. 'పదహారణాల' అనే మాటలో బతికే ఉంది.

ఇవి అరబీ కావు

వాట్సాప్‌లో "అల్ అని ఉన్నదంతా అరబీయే" అనే మెసేజ్ తిరుగుతుంటుంది. నమ్మకండి. అలారం ఇటాలియన్, 'ఆయుధాలు పట్టండి' అని కేక. ఆల్బమ్ లాటిన్, తెల్లనిది అని. అల్యూమినియం కూడా లాటిన్ మూలమే. ఆల్మండ్ గ్రీకు నుంచి. అల్మారా పోర్చుగీసువాళ్ళ 'అర్మారియో', ఆయా కూడా వాళ్ళదే. ఆల్ఫబెట్ గ్రీకు అక్షరాలు ఆల్ఫా, బీటాల జోడీ. కాకపోతే గ్రీకులు ఆ అక్షరాలను ఫినీషియన్ల దగ్గర నేర్చుకున్నారు, వాటి పేర్లు మన అలిఫ్, బేలకు దాయాదులు. ఇలాంటి చోట తొందరపడి మనదని చెప్పుకుంటే, నిజంగా మనవైన వాటిని కూడా ఎవరూ నమ్మరు.

ఇంట్లో ఎలా వాడుకోవాలి

ఒక పాత నోటుబుక్కు తీసుకుని, ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి రెండు పేజీలు కేటాయించండి. కొత్త మాట తగిలినప్పుడు నాలుగు గడులు నింపాలి. స్పెల్లింగ్, ఇవాళ్టి అర్థం, ఇంట్లో వాడే దగ్గరి మాట, సొంతంగా రాసిన ఒక వాక్యం. మూడో గడి అమ్మీ, దాదీ, నానీలది. వాళ్ళు చెప్పింది రాశాక నిఘంటువులో సరిచూడాలి. సరిపోతే టిక్కు, సరిపోకపోతే కొట్టేయాలి, మొహమాటం వద్దు. రోజుకు ఒక్క మాట చాలు. ఏడాది తిరిగేసరికి మూడు వందలు దాటతాయి.

దీని వల్ల మార్కులు ఎన్ని పెరుగుతాయో చెప్పలేం గానీ, ఒకటి మాత్రం జరుగుతుంది. సాయంత్రం పిల్లాడు పుస్తకం తెచ్చినప్పుడు అమ్మీ వంటింట్లోకి తప్పుకోదు. "అజిముతా? సిమ్త్ అనుకో బేటా, ఖిబ్లా చూస్తం గదా, గట్ల" అంటుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకూ ఇంట్లో పెద్దలకూ మధ్య పెరుగుతున్న దూరం ఆ ఒక్క మాటతో కాస్త తగ్గుతుంది. ఆరు వందల ఏళ్ళ కింద కుల్చారం మనిషి ఒకాయన కష్టమైన మాటలకు అర్థం చెప్పడాన్నే జీవితం పనిగా పెట్టుకున్నాడు. మనం సాయంత్రం పావుగంట పెట్టలేమా?